పద్నాలుగు శాతం పొరపాటు

చేతితో చేసిన వస్తువులో ఎంత పొరపాటు ఉండాలన్నది మనవాళ్లు చాలాకాలం తేల్చకుండా వదిలేశారు. చివరికి తేల్చింది మా ఆయన. పెళ్లయిన నలభై రెండో రోజు, మధ్యాహ్నం మూడున్నరకి, ఒక ప్రభుత్వ సమావేశంలో, బల్ల కింద నా వేళ్లు లెక్కపెడుతూ తేల్చాడు.

"మా ఆయన" అనడం నాకింకా కొత్త. అందుకని అవసరం లేనిచోట కూడా అంటూంటాను. మొన్న రైతుబజార్లో "మా ఆయనకి బెండకాయలు లేతగా ఉండాలి" అన్నాను. నిజానికి ఆయన నమిలేది బెండకాయో సొరకాయో ఆయనకి తెలియదు. పేరు భార్గవ. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో నలుగురు పనిచేసే ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో నేను బొమ్మలు వేస్తాను, ఆయన వాటిని నడిపిస్తాడు. ఆఫీసులో "భార్గవా" అని, ఇంటికి రాగానే సరదాకి "ఏవండీ" అని పిలుస్తాను. మెట్లెక్కుతూ పిలుపు మారిపోవడం ఎంత బావుంటుందో చెప్పలేను.

రాష్ట్ర చేతివృత్తుల ప్రచార మండలి అని ఒకటుంది. ఆ మండలి వారు దసరాకి బీచ్ రోడ్డులో పెట్టే బొమ్మల తీర్థం కోసం మా స్టూడియోకి ముప్ఫై సెకన్ల ప్రకటన అప్పగించారు. లక్క బొమ్మ ఒకటి ప్రాణం వచ్చి, బజారంతా నడిచి, ఎవరింట్లోనో బొమ్మల కొలువు మెట్టెక్కి కూర్చోవాలి. ఉత్తరంలో ఒక షరతు ఉంది: "సదరు ప్రకటన యావత్తు చేతితో రంగులు వేసిన రూపమున ఉండవలెను."

ముందు అసలు బొమ్మలు చూడాలని మేమిద్దరం లక్కవారిపాలెం వెళ్లాం. విశాఖకి బస్సులో గంటన్నర. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరం పోట్లాడుకున్నాం. అక్కడ పన్నెండు ఇళ్లవాళ్లు లక్క బొమ్మలు చేస్తారు. వాళ్లలో పెద్దచెయ్యి బోని సన్యాసమ్మ. యాభై దాటిన మనిషి. అంకుడు కర్రముక్కని చక్రానికి బిగించి తిప్పుతూ, రంగు కలిపిన లక్కకడ్డీని ఇలా ఆనించిందంటే చాలు, వేడికి లక్క కరిగి కర్ర నడుముకి ఎర్రటి అంచు చుట్టుకుంటుంది. దానిమీద మొగలి ఆకుతో రుద్దితే నా ముఖం అందులో కనిపించింది. నా వెనకాల భార్గవ ముఖం కూడా కనిపించింది. నేను కాసేపు అక్కడే ఉండిపోయాను.

"కొత్తగా పెల్లయిందేటమ్మా?" అంది సన్యాసమ్మ.

"ఎలా తెలిసిందండీ?"

"బొమ్మని సూడమంటే ఆయన్ని సూస్తన్నావు గదా." తర్వాత చక్రం ఆపి, ఇంటి వెనక గది తలుపు తీసి చూపించింది. నేలనుంచి కప్పుదాకా బుట్టల్లో బొమ్మలు. "ఏడాది సేత ఇది. మా పన్నెండు గడపలదీని. తీర్తంలో ఆ పది రోజుల్లోనూ పోవాల. పోనేదనుకో, మల్లీ దసరాదాకా ఈటి ముకాలు మేం, మా ముకాలు అయ్యి సూసుకుంటా కూకోవాల. మీ బొమ్మాట బాగా తియ్యండి నాయనా."

బాగానే తీద్దామనుకున్నాం. సెకనుకి పన్నెండు బొమ్మల చొప్పున ముప్ఫై సెకన్లకి మూడువందల అరవై. కంప్యూటర్లో ఒక మీట నొక్కితే చేతిరంగు పూసినట్టు చేసే ఉపాయాలు బోలెడున్నాయి. కానీ నాకు అప్పుడు లోకమంతా రంగుల్లోనే కనిపిస్తోంది. మీట ఎందుకు, చెయ్యి ఉండగా? మూడువందల అరవై కాగితాలూ కుంచెతోనే వేస్తానన్నాను. మా రెండు గదుల ఇంట్లో గోడకీ గోడకీ మధ్య తాడు కట్టి, బట్టల క్లిప్పులతో కాగితాలు ఆరేశాం. పెళ్లికి ఎవరో ఇచ్చిన జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో భార్గవ వాటిని ఆరబెట్టేవాడు. "నీ జుట్టు ఎప్పుడు ఆరబెట్టాలి?" అని అడిగేవాడు. వంగి నడవాల్సి వచ్చేది. వంగినప్పుడల్లా ఒకరికొకరం ఎదురయ్యేవాళ్లం. పని కొంచెం ఆలస్యమైన మాట నిజమే.

ఇలా వేసిన బొమ్మల్లో ఒక విశేషం ఉంది. ఏ రెండు కాగితాల మీదా రంగు ఒకేలా ఆరదు. ఒకచోట చిక్కబడుతుంది, ఒకచోట నీటిమరక మిగులుతుంది, ఒకచోట గీత దాటిపోతుంది. వరసగా తిప్పితే తెరమీద రంగు సన్నగా కదులుతూ ఉంటుంది. మేం దాన్ని రంగు ఉడకడం అంటాం. బొమ్మ ఊపిరి తీస్తున్నట్టుంటుంది.

మండలి సమావేశంలో ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. మధ్యలో జాయింట్ డైరెక్టర్ దక్షిణామూర్తి గారు. ఆయన "కాఫీ" అన్నా "కాఫీ విషయమై" అంటారు. ప్రకటన చూసి కళ్లద్దాలు తీశారు.

"రంగు వణుకుతున్నదేమమ్మా?"

"వణకడం కాదు సార్, ఉడకడం. ఒక్కో బొమ్మా విడిగా చేత్తో వేశాను కదా..."

"ఉడకడమా? ఎంతసేపు?"

"ముప్ఫై సెకన్లూ సార్."

"అనగా పొరపాటు ఆద్యంతమూ జరిగినది."

"పొరపాటే సార్. కానీ అందం అందులోనే ఉంది."

"అందము అని ఫైలులో రాయుటకు వీలుపడదు. ఎంత శాతము?"

ఆయన పక్కన గణాంకాధికారి గారు కలం తెరిచి సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా ఆ క్షణానికి మా ఆయన బల్ల కింద నా వేళ్లమీద అరకు ప్రయాణానికి ఎన్ని రోజులు సెలవు పెట్టాలో లెక్కపెడుతున్నాడు. ఒక చెయ్యి అయిపోయి, రెండో చెయ్యి అయిపోయి, మళ్లీ మొదటి చేతికి వచ్చాడు.

"పద్నాలుగు!" అన్నాడు సంతోషంగా, పైకే.

గణాంకాధికారి గారు రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "విషయము: హస్తరూప ప్రమాణము నిర్ధారించుట గురించి. నిపుణుల అభిప్రాయము మేరకు, చేతితో చేయబడిన ఏ వస్తువు నందైనను పద్నాలుగు శాతము పొరపాటు ఉండవలెను. అంతకు తగ్గినచో యంత్రముగాను, మించినచో నిర్లక్ష్యముగాను భావించబడును." నిపుణులు అన్నచోట గుర్తు పెట్టి, కింద మా ఆయన పేరు వేశారు. ప్రభుత్వ కాగితంలో మా ఆయన పేరు! నేను ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకుని, నలక్కుండా బీరువాలో చీరల మధ్య పెట్టాను. అంత తెలివితక్కువదాన్ని.

తర్వాత పొరపాటు ప్రతిపాదన పత్రాలు వచ్చాయి. ఒక్కో బొమ్మకి ఒకటి, మూడేసి నకళ్లు. గడులు నాలుగు: పొరపాటు పేరు, జరిగిన స్థలము, వైశాల్యము, కారణము. నేను కూర్చుని నింపాను. తొంభై ఏడో బొమ్మలో బొమ్మ చెవి దగ్గర రంగు చెదిరిన చోట కారణం గడిలో నిజాయితీగా "తుమ్ము" అని రాశాను. పత్రం తిరిగొచ్చింది. "తుమ్మునకు తగిన ఆధారము జతపరచలేదు. అదియునుగాక సదరు పొరపాటు ముందస్తు అనుమతి లేకుండా జరిగినది."

నేను దక్షిణామూర్తి గారి గదికి వెళ్లాను.

"సార్, పొరపాటు జరుగుతుందని ముందే ఎలా తెలుస్తుంది?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "ప్రణాళిక లేని పొరపాటును ప్రభుత్వము ఎట్లు ఆమోదించునమ్మా? రేపు ఎవరైనా సమాచార హక్కు కింద ఆ తుమ్ము విషయమై అడిగినచో నేనేమి జవాబివ్వవలెను?"



ఈలోగా పొరపాటు కొలిచే యంత్రం కూడా కొన్నారు. దానికి ఒక గది, గదికి తాళం, తాళానికి ఒక ఉద్యోగి. నా మూడువందల అరవై బొమ్మలూ అందులోంచి వెళ్లాయి. చాలావాటికి తొమ్మిది వచ్చింది, కొన్నింటికి ఏడు. ఒక్కదానికి ఇరవై రెండు వచ్చింది, అది పోపు మాడుతోందని కుంచె పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తిన రోజుది. దక్షిణామూర్తి గారు పెదవి విరిచారు. "మీ చేతియందు చేతిదనము తక్కువగా ఉన్నదమ్మా. నైపుణ్యము కొంత తగ్గించుకొనవలెను."

ప్రకటన వేయాల్సిన తేదీ దగ్గర పడింది. అది టీవీలో రాకపోతే తీర్థానికి జనం రారు. జనం రాకపోతే సన్యాసమ్మ వెనక గది తలుపు తెరుచుకోదు. భార్గవ నా ముఖం చూసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నా బొమ్మల మీది మచ్చలన్నీ అందులో తుడిచేసి, ఒక్కదాన్ని మాత్రం ఉంచుకున్నాడు. ఎంత వైశాల్యం కావాలో లెక్కవేసి, దాన్నే మూడువందల అరవై బొమ్మల మీదా, అదే చెంపకి, అదే చోట అంటించాడు. ఇరవై నిమిషాల పని. యంత్రం పద్నాలుగు అంది. పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు, చివరిదాకా పద్నాలుగే.

సభ్యులు ఐదుగురూ లేచి చప్పట్లు కొట్టారు. "ఇది!" అన్నారు దక్షిణామూర్తి గారు గద్గదంగా. "ఇది మన చేతి మహిమ."

నేను కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం తాడు విప్పేస్తే ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయింది. నిటారుగా నడవడం ఇద్దరికీ నచ్చలేదు.

అక్కడితో ఆగితే ఇది మా ఇంటి సంగతిగా ఉండిపోయేది. కానీ ఒక ప్రకటనకి ఇంత గొప్పగా పనికొచ్చిన ప్రమాణం అసలు వస్తువులకి ఎందుకు పనికిరాదని గణాంకాధికారి గారికి తోచింది. కొత్త ఉత్తర్వు: తీర్థంలో దుకాణం కావాలంటే బొమ్మల మీద హస్తరూప ముద్ర ఉండాలి. ముద్ర కావాలంటే పద్నాలుగు ఉండాలి.

లక్కవారిపాలెం నుంచి నమూనాకి రెండు బుట్టలు యంత్రం గదికి వచ్చాయి. సన్యాసమ్మ బొమ్మలకి సున్నా పాయింట్ ఆరు వచ్చింది.

"యంత్రముతో చేసినట్టున్నవి," అన్నారు దక్షిణామూర్తి గారు. "అయితే మండలి దయలేనిది కాదు. వృత్తికారులకు తగు తర్ఫీదు ఇప్పించెదము. పొరపాట్ల శిక్షకులుగా మీ దంపతులను నియమించుచున్నాము. నిపుణులు మీరే కదా." తీర్థానికి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి.

ఈసారి బస్సులో కిటికీ సీటు కోసం మేం పోట్లాడుకోలేదు.

"పద్నాలుగు అన్నది నేనే కదా," అన్నాడు భార్గవ.

"వేళ్లు నావి," అన్నాను.

సన్యాసమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిడితే బావుండేది. అరుగుమీద మిగతా ఇళ్లవాళ్లని కూడా కూర్చోబెట్టి, "సెప్పండి నాయనా, ఎలగ పాడుసెయ్యాలో నేర్పండి" అంది.

చక్రం తిరిగింది. "లక్కకడ్డీ కొంచెం పక్కకి జరపండి," అన్నాను. జరిపింది. జరిగిన చోట ఇంకో అంచు, ముందుదానికన్నా ముచ్చటగా పడింది.

"అలా కాదండీ, వంకరగా."

"వంకరగానే సేస్తన్నానమ్మా. ఇదేటో సెయ్యి ఇనట్నేదు."

ఎడంచేత్తో చెయ్యమన్నాం. చేసింది. కళ్లకి తువ్వాలు కట్టాం. తువ్వాలు కట్టుకునే పసుపు అంచు పక్కన ఆకుపచ్చ అంచు వేసి, మొగలి ఆకు కోసం తడుముకోకుండా చెయ్యి చాపింది. ఎవరో కబుర్లు చెబితే ధ్యాస తప్పుతుందన్నారు. ఆమె తమ్ముడు కనకయ్య తన పెళ్లిలో జరిగిన గొడవంతా చెప్పాడు. అందరం పడీపడీ నవ్వాం. ఆమె కూడా కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వడం అయ్యేసరికి బొమ్మ పూర్తయింది. భార్గవ స్కేలుతో కొలిచి, సున్నా పాయింట్ తొమ్మిది అన్నాడు.

"పెరిగింది గదా!" అని కనకయ్య ఉత్సాహపడ్డాడు.

"ఈ లెక్కన పద్నాలుక్కి నా మనవలు పుట్టాల," అంది సన్యాసమ్మ.

మా ఆయనకి పట్టుదల వచ్చి, ఎలా పాడుచేయాలో తానే చూపిస్తానని చక్రం ముందు కూర్చున్నాడు. ఆ బొమ్మకి మెడ లేదు. నడుము ఒక పక్కకే ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసి గోరుచిక్కుడు కూర రంగొకటి తేలింది. నాకు మాత్రం చాలా ముద్దొచ్చింది.

"దాన్ని అటు తిప్పెట్టమ్మా," అంది సన్యాసమ్మ. "నా బొమ్మలు బయపడతన్నాయి."

నాలుగు రోజులయ్యాక తర్ఫీదు ముగిసింది. ఎవరికీ పొరపాటు రాలేదు. మా ఆయన బొమ్మని మాత్రం మండలి జీపులో వచ్చినవాళ్లు తీసుకెళ్లి కొలిచారు. పద్నాలుగు పాయింట్ రెండు. దానికి ప్రథమశ్రేణి హస్తరూప ముద్ర, ఆయనకి ఉత్తమ హస్తకళాకారుడు అన్న పత్రం వచ్చాయి. ఆ పత్రాన్ని నేను చీరల మధ్య పెట్టలేదు.

తీర్థానికి రెండు రోజుల ముందు లక్కవారిపాలేనికి చివరి ఉత్తరం వచ్చింది. మేం కూడా అక్కడే ఉన్నాం. మళ్లీ ఒకసారి కొలవమని అర్జీ పెట్టించడానికి వెళ్లాం. సన్యాసమ్మకి చదువు రాదు. ఉత్తరం నా చేతిలో పెట్టింది. నేను చదివాను.

"లక్కవారిపాలెం వృత్తికారులు సమర్పించిన బొమ్మలను యంత్ర సహాయమున క్షుణ్ణముగా పరిశీలించడమైనది. రంగు గీత దాటుట గాని, మచ్చ గాని, వంకర గాని, మరి ఏ ఇతర లోపము గాని సదరు బొమ్మలయందు ఎంత వెతికినను కనబడలేదు. కావున వీటిని తిరస్కరించడమైనది."

పన్నెండు గడపలవాళ్లూ అరుగుమీదే ఉన్నారు. కనకయ్య లేచి వెళ్లి వెనక గది తలుపు దగ్గరగా వేశాడు.

"మల్లీ సదువమ్మా," అంది సన్యాసమ్మ.

"ఎందుకండీ..."

"సదువు మరి."

చదివాను.

"ఎంత ఎతికినా కనబడనేదని రాసేడా?"

"రాశారు."

"సంతకం ఎట్టేడా?"

"పెట్టారు. గుండ్రటి ముద్ర కూడా ఉంది."

ఆమె ఉత్తరం తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. తలకిందులుగా పట్టుకున్నా నేను సరిచేయలేదు. "నలబై ఏల్లుగా ఈ పని సేస్తన్నాను. మా ఆడబడుసు సేత కూడా ఒక్క మంచిమాట అనిపించుకోనేకపోయేను. గవుర్మెంటోడు ఇంత మాట రాసేడా?" తమ్ముడివైపు తిరిగింది. "కనకా, బండి మాటాడు. గేటు లోపల సోటియ్యకపోతే గేటు బయట కూకుందాం. రోడ్డు ఆడిది కాదు గదా."

తీర్థం మొదలైంది. మా ప్రకటన టీవీలో బాగానే ఆడి ఉంటుంది, జనం విరగబడి వచ్చారు. లోపల దుకాణాలన్నీ నిండుగా ఉన్నాయి. ఏదో ఫ్యాక్టరీ నుంచి లారీలతో దిగిన ప్లాస్టిక్ బొమ్మలు. వాటిని అచ్చులో పోసేవాళ్లు ఉత్తర్వు జాగ్రత్తగా చదివారు కాబోలు, ప్రతి బొమ్మకీ ఎడమ చెంపమీద ఒకే మచ్చ, ఒకే కొలత. పదివేల చెంపలు, పదివేల మచ్చలు. అన్నింటికీ హస్తరూప ముద్ర ఉంది. పిల్లలు వేలితో గీకి చూసి, "మమ్మీ, ఇది పోవట్లేదు" అంటున్నారు.

గేటు బయట, పేవ్‌మెంటు మీద టార్పాలిన్ పరిచి పన్నెండు గడపలవాళ్లు కూర్చున్నారు. వాళ్ల వెనక అట్టకి అంటించిన ఉత్తరం. భార్గవ దాన్ని నాలుగింతలు పెద్దది చేసి ప్రింటు తీసుకొచ్చాడు. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నిపుణుడు కదా.

తొలిరోజు కాలేజీ లెక్చరర్ లాంటి ఒకాయన ఆగి గట్టిగా చదివాడు. "మరి ఏ ఇతర లోపము గాని ఎంత వెతికినను కనబడలేదు... అరె, జాయింట్ డైరెక్టర్ సంతకం!" అని ఒక బొమ్మ ఎత్తి చూశాడు. ఎండకి పట్టి తిప్పాడు. నాలుగు కొన్నాడు. ఆయన వెనక ఇద్దరు ఆగారు. వాళ్ల వెనక ఎంతమంది ఆగారో నేను చూడలేదు. బొమ్మలు కాగితంలో చుట్టి ఇవ్వడంలో పడిపోయాను. ఒక్కో పొట్లం చుట్టడం, దారం ముడివేయడం, అవతలివాళ్ల చేతిలో పెట్టడం, ఇంత చిన్న పనిలో ఇంత ఆనందం ఉంటుందని నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

మూడోరోజు మండలి జీపు వచ్చి ఆగింది. కనకయ్య గబగబా బుట్టమీద గోనె కప్పాడు. డ్రైవరు దిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"దక్షిణామూర్తి గారి మేడం పంపేరండి. కొలువులోకి తొమ్మిది బొమ్మలు కావాలంట. లోపలివి మూడు పట్టికెల్తే ఇసిరికొట్టేరు. బుగ్గమీద మచ్చ లేనివే తెమ్మన్నారు."

సన్యాసమ్మ తొమ్మిది ఏరి ఇచ్చింది. "మచ్చ కావాలంటే ఆయన్నే ఎట్టుకోమను బాబూ," అంది.

నాలుగోరోజు ఉదయం మండలి గుమాస్తా ఒకాయన వచ్చి సన్యాసమ్మ చేతికి కవరు ఇచ్చి, రసీదు మీద వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు. అప్పటికి బుట్టల్లో మూడోవంతు బొమ్మలు మిగిలి ఉన్నాయి. కవరు చూడగానే అందరి చేతులూ ఆగాయి. పోలీసులొస్తారా, బొమ్మలు పట్టుకెళ్లిపోతారా అని గుసగుసలాడుకున్నారు. భార్గవ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను కవరు చించి చదివాను.

"సంజాయిషీ నోటీసు. మండలిచే తిరస్కరించబడిన, ఎట్టి లోపమును లేని సదరు బొమ్మలను కొనుటకు ప్రజలు తండోపతండములుగా మీ యొద్దకే వచ్చుచుండుటవలన, మండలి ముద్ర పొందిన లోపలి దుకాణముల యందు గిరాకీ పూర్తిగా నిలిచిపోయినది. ఇట్టి పరిస్థితికి మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలోగా తెలుపవలెను."

"పదిహేను దినాలా? తీర్తం ఇంక ఆరు రోజులే గదా," అన్నాడు కనకయ్య.

సన్యాసమ్మ ఒక బొమ్మని కొంగుతో తుడిచి టార్పాలిన్ మీద పెట్టింది.

"జనం మన కాడికే ఒస్తన్నారని రాసేడా?"

"తండోపతండములుగా అని రాశారు."

"ముద్దరేసేడా?"

"రెండు వేశారు."

"అయితే నిలబడతావేటమ్మా," అంది, పిండి ఉడికించిన జిగురు గిన్నె నావైపు జరుపుతూ. "ఆ పక్కన ఇదీ అంటించు."